దవఖాన కోళ్ళు

సిరిసిల్లలో మా మేనకోడలు కొత్త ఇల్లు కట్టుకుని గృహప్రవేశానికి పిలిస్తే దసరా వెళ్ళిన వారంలో పోయాను. భోజనాలకు ఇంకా ఆలస్యం ఉందని తెలిసి వీధి చివరిదాకా నడిచాను. రెండు వైపులా సాంచెల చప్పుడు. ఆ మరమగ్గాల మధ్య పెరిగినవాళ్ళు మామూలు గొంతుతోనే మాట్లాడుకుంటారు, బయటి నుంచి వచ్చినవాళ్ళమే అరుస్తాం. ఒక షెడ్డు పక్కన ఇంటి గడపలో ఒకామె చేటలో తునికాకు పెట్టుకుని బీడీలు చుడుతోంది. ఆమెకు ఎదురుగా ఒక కోడి మట్టి గీరుతోంది. బూడిద రంగుది. మెడ మీద ఈకలు లేవు, ఎర్రటి తోలు కనిపిస్తోంది. చూడటానికి ఏమీ బాగాలేదు. దాటిపోయేవాణ్ణే. అది కాలెత్తినప్పుడు వేళ్ళ మీద చూపు పడింది. కోడి కాలికి నాలుగు వేళ్ళుంటాయి. దీనికి ఐదున్నాయి.

"ఏంది సారూ, కోడిని గట్ల జూస్తున్నరు? దిష్టి తాకుతది" అని నవ్విందామె.

"ఇది ఎక్కడిదమ్మా?" అని అడిగాను.

"మా తల్లిగారి దిక్కుది సారూ. కోరుట్ల అంగడిల ఓ అవ్వ పొదిగేసే గుడ్లు అమ్ముతుండె. మా అమ్మ ఆమె కాడనే తెస్తుండె. నా పెండ్లయినంక నేను గూడ తెచ్చుకున్న."

"ఆ అవ్వ ఉందా ఇప్పుడు?"

"యాడిది సారూ, మొన్న వానలల్ల పోయింది. మస్తు ముసల్ది గదా."

ఆమె చుట్టిన బీడీకి దారం కట్టి చేటలో వేసి ఇంకో ఆకు తీసుకుంది. నేను వాళ్ళ అరుగు మీద కూర్చున్నాను. నన్నెవరూ కూర్చోమనలేదు.

అవ్వ పేరు నాకు తెలుసు. అంగడిలో ఆమెను పేరుతో పిలిచినవాళ్ళు లేరు కాబట్టి ఇక్కడా రాయను.

నా మొదటి ఉద్యోగం జగిత్యాలకు, కోరుట్లకు మధ్య ఒక ఊళ్ళో, పశువుల దవఖానలో కంపౌండరుగా. మందులు కలపడం, సూదులు వేయడం, రిజిస్టరు రాయడం నా పని. డాక్టరుగారు వారానికి రెండు రోజులు వచ్చేవారు. మిగతా రోజుల్లో ఊరికి నేనే డాక్టర్ని. దవఖాన వెనక గోడకు ఆనుకుని అవ్వ ఇల్లు. అప్పటికే ఆమెకు యాభై దాటి ఉంటాయి. భర్త లేడు. ఒక్క కూతుర్ని ధర్మపురి దిక్కు ఇచ్చింది. ఇంట్లో నీళ్ళ గోలెం, పొయ్యి, మంచం. మిగిలిన చోటంతా కోళ్ళదే.

వారం వారం కోరుట్ల అంగడికి పోయేది. ఎదురుగా గంప, గంపలో ఊక, ఊకలో గుడ్లు. పక్కన కాలికి తాడు కట్టిన నల్ల పుంజు. ఎండలో దాని తోక పచ్చగా మెరిసేది. నిలబడితే కూర్చున్న అవ్వ భుజం దాకా వచ్చేది. దాన్ని ఎంతమంది అడిగినా అమ్మలేదు. గుడ్లు కొనేవాళ్ళు చూడాలని తెచ్చేది.

"తల్లిని నేను జూసిన. తండ్రిని మీరు జూసుకోండ్రి" అనేది.

ఎవరొచ్చినా మొదట ఒకటే ప్రశ్న. "తినేతందుకా, పొదిగేతందుకా?" తినడానికి అంటే పక్కామె దగ్గరికి పంపేది. పొదిగేందుకు అంటే అసలు విచారణ అప్పుడు మొదలయ్యేది. నీ కోడి కూర్చుని ఎన్ని రోజులైంది, గంప కింద కూర్చుందా, మూలన కూర్చుందా, లేపితే పొడుస్తుందా, ఊరికే లేచిపోతుందా, నువ్వు ఇంటికి దేని మీద పోతావు. సైకిల్ మీద అంటే, "గుడ్లు ఇయ్య. మీ ఇంటామెను తోలు, ఒళ్ళె వెట్టుకొని బస్సుల వోతది" అనేది. కొనడానికి వచ్చినవాళ్ళు ఇన్ని జవాబులు చెప్పుకోవడం ఇంకే గంప దగ్గరా చూడలేదు.

గుడ్డు తీసే పద్ధతి కూడా ఆమెదే. మరీ పొడుగ్గా ఉన్నవి, మరీ గుండ్రంగా ఉన్నవి పక్కన పెట్టేది. కడిగిన గుడ్డు ముట్టేది కాదు. కొత్తగా గుడ్లకొచ్చిన పెట్ట తొలి గుడ్లు వద్దనేది, పిల్ల చిన్నదవుతుందని. గుడ్డును గొట్టంలా చుట్టిన పిడికిలిలో పెట్టి ఎండకు చూసేది. చివరికి ఎడమ కంటి రెప్పకు ఆనించేది. ఎందుకని అడిగాను ఒకసారి.

"శెయ్యి పని జేసి జేసి మొద్దువడ్డది కొడుకా. కంటి రెప్పకు పనేమున్నది? దానికి ఎర్క అయితది" అంది.

ఎప్పుడూ బేసి లెక్కే. తొమ్మిదో, పదకొండో, పదమూడో. సరి సంఖ్యలో అడిగితే ఒకటి కలిపేది, లేదా తీసేసేది.

కొనేవాళ్ళకు తలా ఒక కోరిక. పోచమ్మ మొక్కు ఉన్నవాళ్ళకు ఒక్క తెల్ల ఈక లేని నల్లది కావాలి. మొగుడు దుబాయిలో ఉన్న ఇల్లాలికి, వాకిట్లో నలుగురూ చూసేలా ఎత్తయిన పుంజు కావాలి. పొలం పనికి పోయే ఆమెకు, పొద్దంతా ఇంట్లో మనిషి లేకున్నా పిల్లల్ని గద్ద నుంచి కాచుకునే తల్లికోడి కావాలి. ఎక్కువమంది ఆ ఐదో వేలు చూసి కొనేవాళ్ళు. ఐదు వేళ్ళ కోడి ఇంటికి కలిసొస్తుందని ఎవరు పుట్టించారో గాని ఒక మాట ఉండేది. అవ్వ ఆ మాట అనేది కాదు, కాదనేది కాదు.

"నిజంగానే కలిసొస్తుందా అవ్వా?" అన్నాను.

"గీరనీకి పనికిరాదు, నడువనీకి పనికిరాదు. నా కోడి ఎవలన్న ఎత్తుకపోతె గుర్తువట్టనీకి పనికొస్తది. గంతే."

సిరిసిల్ల పక్క ఊరి నేత దంపతులు ఒకసారి వచ్చారు. భార్య తల్లిగారిది కోరుట్ల. ఆమెకు కోడి కావాలి, ఆయనకు వద్దు.

"గుణమున్న కోడిని ఇయ్యి అవ్వా" అంది భార్య.

"గుణం కాదు, బుద్ధి గావాలె" అన్నాడు భర్త. "పోయిన కోడి నా మగ్గం గుంటల గుడ్లు వెట్టింది. కాలు దించుతె పచక్కున పగిలినయి. దినమంత కాళ్ళు కడుగుడే."

"కాలు జూసి వెట్టాలె."

"నేను పడుగు జూడాల్నా, నీ కోడి గుడ్లు జూడాల్నా?"

అవ్వ అతణ్ణే అడిగింది. "నీ పెండ్లాం మగ్గం కాడికి వస్తదా?"

"ఎందుకు రాదు? తిట్టనీకి దినాం వస్తది."

"కోడి గూడ గట్లనే వచ్చింది. నీ ఇంట్ల వెచ్చగున్న జాగ గదొక్కటే ఉన్నట్టున్నది."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆయనా నవ్వాడు. అవ్వ వాళ్ళకు కోడి ఇవ్వలేదు. గుడ్లే ఇచ్చింది. పెద్ద కోడిని తీసుకుపోతే అది తన పాత ఇంటినే వెతుక్కుంటుందని, మీ ఇంట్లో పుట్టిన పిల్ల మగ్గం చప్పుడు వింటూ పెరిగి దాని కిందకు దూరదని చెప్పింది. పొదిగే గుడ్డు కొనడంలో ఉన్న లాభం ఆ రోజు నాకు అర్థమైంది. ఏ ఇంట్లో పగిలితే ఆ ఇంటి కోడి అవుతుంది.

నాకు అప్పట్లో పుస్తకాల మీద నమ్మకం ఎక్కువ. జీతంలో కొంత జగిత్యాలలో పుస్తకాలకే పోయేది. కోళ్ళ పెంపకం మీదా రెండు తెచ్చుకున్నాను. మా దవఖానకు ఆ ఏడు మేలు జాతి తెల్ల పుంజులు వచ్చాయి, ఊళ్ళో నాటు పెట్టలతో కలపడానికి. నేను ఒకదాన్ని చంకన పెట్టుకుని గర్వంగా అవ్వ వాకిట్లోకి పోయాను. దీని పిల్లలు ఏడాదికి మీ కోళ్ళకు మూడింతలు గుడ్లు పెడతాయని చెప్పాను.

ఆమె దాని చుట్టూ తిరిగి చూసింది. "మంచిగున్నది. పొదుగు కూసుంటయా దీని బిడ్డలు?"

"కూర్చోవు. అందుకే ఎక్కువ గుడ్లు పెడతాయి."

"మరి గా గుడ్ల మీద ఎవలు కూసుండాలె? నువ్వు కూసుంటవా?"

నేను పుంజును కిందికి దించాను.

"ఇంకోటి సారూ. గింత తెల్లగుంటె గద్దకు లగ్గం పత్రిక ఇచ్చినట్టె ఉంటది" అని పుంజును నా చంకలోకే తోసింది. అది నాలుగు రోజులు దవఖాన ఆవరణలో తిరిగింది. ఐదో రోజు గద్ద కాదు గాని, ముంగిస పట్టింది.

అవి ఊళ్ళకు రెండు వైపుల నుంచీ మనుషులు వచ్చే రోజులు. బడిలో పోలీసుల క్యాంపు ఉండేది. అడవి దిక్కు నుంచి అన్నలు, అదే నక్సలైట్లు, వచ్చేవాళ్ళు. ఆ చుట్టుపక్కల కుక్కలు లేని ఊళ్ళు చూశాను. మొరిగితే కదలిక తెలుస్తుందని చంపేశారు. కోళ్ళకు ఆ కష్టం రాలేదు. వచ్చినవాళ్ళు ఎవరైనా మనుషులే, వాళ్ళకు ఆకలి వేస్తుంది. వాకిట్లో బలంగా, నిగనిగలాడుతూ తిరిగే కోడి మీద కన్ను పడుతుంది. అడిగితే లేదనడానికి ఎవరికీ నోరు రాదు.

అప్పటినుంచి అవ్వ గంప దగ్గర అడిగే మాటలు మారాయి. మొదట విన్నప్పుడు నేను పక్కనే ఉన్నాను. ఒకామె వచ్చి అటూ ఇటూ చూసి మెల్లగా అంది:

"అవ్వా, జర పాడు కోడి గుడ్లుంటె ఇయ్యి."

"ఏందీ?"

"బక్కగ, గలీజుగ ఉండాలె. సూస్తె ఎవలకు తినబుద్ధి గావద్దు. గుడ్లు వెడ్తె సాలు, పిల్లల్ని లేపితె సాలు."

అవ్వ ఆమె మొహంలోకి చాలాసేపు చూసింది. "పాడు కోడి నా కాడ లేదు బిడ్డా" అంది. ఆ రోజు పుంజును గంప చాటుకు జరుపుకుంది. కానీ దాన్ని దాచడం కుదరదు. కోరుట్ల అంగడిలో ఆ పుంజును ఎరగనివాళ్ళు లేరు.

ఆ ఎండాకాలం కోళ్ళకు తెగులు వచ్చింది. నేను ఇంటింటికీ తిరిగి టీకాలు వేశాను, కానీ అప్పటికే చాలా ఆలస్యమైంది. అవ్వ ఇంట్లో నల్ల పుంజు, ఒక పెట్ట మిగిలాయి. తెగులు తగ్గిన నెలకు పుంజు క్యాంపుకు పోయింది. ఇద్దరు వచ్చి అడిగారట, ఆమె తాడు విప్పి ఇచ్చిందట. పది రోజులకు పెట్ట అడవి దిక్కు వాళ్ళ కూరలోకి పోయింది. పొద్దున నేను గోడ మీదుగా పలకరిస్తే ఖాళీ వాకిలి ఊడుస్తోంది.

"మొగుడు అటు వాయె, పెండ్లాం ఇటు వాయె" అంది. "ఎటువోయినా కూరనే అయిండ్రు."

అని నవ్వబోయింది. నవ్వు రాలేదు. చీపురు గోడకు ఆనించి లోపలికి పోయింది.

మిగిలినవి పదకొండు గుడ్లు. అవి గోలెం పక్కన తడి ఇసుక మీద పెట్టిన చిప్పలో, ఊకలో ఉన్నాయి. వాళ్ళ అమ్మ ఆమెకు పెండ్లప్పుడు ఒక పొదుగు గుడ్లు కట్టి పంపిందట. ఆ సంతతికి ఇక ఈ పదకొండే. అంతకుముందు ఆమె దగ్గర గుడ్లు కొన్న ఇళ్ళల్లో కూడా తెగులు ఒక్కదాన్నీ మిగల్చలేదు. మా ఊళ్ళో పొదుగుకు కూర్చున్న కోడి ఒక్కటీ లేదు. నేత దంపతుల ఇంట్లో ఇంకేదో జాతి పెట్ట మూడు నాలుగు రోజుల్లో కూర్చునేలా ఉందని వాళ్ళ తల్లిగారి మనిషి చెప్పిపోయాడు. అక్కడికి చేర్చాలి. బంద్‌కు పిలుపు వచ్చింది, బస్సులు ఆగిపోయాయి. ఈలోగా ఇళ్ళు తనిఖీ చేస్తున్నారని మాట పుట్టింది. తనిఖీ అంటే చిప్పలూ కుండలూ బోర్లించడమే.

అవ్వ గుడ్ల చిప్ప మీద కొంగు కప్పుకుని దవఖానకు వచ్చింది.

"సర్కారు జాగ గదా, గీడ ఎవలు ఎతుకరు. బస్సులు నడిచేదాక ఉంచు. జర సల్లగున్న కాడ వెట్టు కొడుకా."

నాకు ఆ నమ్మకం గొప్పగా అనిపించింది. పొదిగే గుడ్లను చల్లని చోట ఉంచవలెను అని పుస్తకంలో ఉంది. ఊరు మొత్తానికి చల్లని చోటు మా దవఖానలోనే ఉంది. టీకా మందులు పెట్టే ఫ్రిజ్. రాత్రిళ్ళు లేచి చూసుకోవాల్సిన అవసరం కూడా లేదు, తాళం ఉంటుంది. టీకా సీసాలు ఒక పక్కకు జరిపి, ఊకతో సహా ఆ పదకొండు గుడ్లూ అందులో పెట్టాను. తాళం వేసి చేయి జేబులో పెట్టుకున్నప్పుడు ఒక పెద్ద పని చేసినట్టు ఉండింది.

మూడు రోజుల తర్వాత బస్సులు కదిలాయి. అవ్వ పొద్దున్నే వచ్చింది. నేను తాళం తీసి చిప్ప చేతికిచ్చాను. ఆమె ఒక గుడ్డు తీసి రెప్పకు ఆనించింది. ఆనించి అట్లాగే కళ్ళు మూసుకుని ఉంది. ఇంకోటి తీసింది. మూడోది తియ్యలేదు.

"ఎన్ని దినాలు?"

"మూడు" అన్నాను. చేసిన తప్పు అప్పటికే తెలిసిపోయింది.

"సల్లగ అంటె గోలెం పక్కన అనుకున్న. నీ సల్లదనం వేరున్నది."

గొంతు పెంచలేదు. గుమ్మంలో కూర్చుని, తడి పట్టకుండా గుడ్లను పొడిబట్టలో చుట్టి నీడలో పెట్టి, వాటి వైపు చూస్తూ గంటసేపు ఉంది. తరువాత లేచి, "నీ కార్డు వట్టుకొని రా. తొవ్వల ఆపుతరు" అంది. నేను రిజిస్టరు మూసి ఆమె వెనక నడిచాను.

బస్సులో గంప ఆమె ఒళ్ళోనే. గుంత వచ్చినప్పుడల్లా మోకాళ్ళు పైకి లేపేది, కుదుపు తన కాళ్ళలోనే ఆగిపోయేలా. నేను క్షమించమని అడగబోయాను.

"లోపల ఏమున్నదో నీకు తెల్వది, నాకు తెల్వది. ఇర్వయ్యొక్క దినాలు మాట్లాడకు" అంది.

వేములవాడ ఇవతల బస్సు ఆపారు. అందరినీ దిగమన్నారు. మగవాళ్ళను వరసలో నిలబెట్టి కార్డులు చూస్తున్నారు. అవ్వ దిగలేదు.

"నిన్నే ముసలమ్మా, దిగు" అన్నాడు ఒక కుర్ర పోలీసు. మాట ఇక్కడిది కాదు.

"దిగితె మల్ల ఎక్కాలె. ఎక్కితె ఇవి ఊగుతయి. నువ్వే పైకి రా."

అతను ఎక్కాడు. నేను మెట్టు దగ్గర కార్డు పట్టుకుని నిలబడ్డాను.

"గంపలో ఏముంది?"

"పిల్లలు."

"పిల్లలా?"

"ఇంక పుట్టలే."

అతను బట్ట తీసి ఊకలో చేయి పెట్టాడు. ఒక గుడ్డు తీసి చెవి దగ్గర పెట్టుకుని ఊపబోయాడు. అవ్వ అతని మణికట్టు పట్టుకుంది. తుపాకీ ఇంకో భుజాన ఉంది.

"ఊపకు కొడుకా. లోపల తెగుతది."

అతను తన చేతి మీద ఉన్న ఆమె చేతిని చూశాడు. "పొదగేయడానికా?" అన్నాడు.

"అవు."

"ఎన్ని?"

"పదకొండు."

అతను లెక్కపెట్టలేదు. గుడ్డును సన్న మొన కిందికి ఉండేలా ఊకలో నిలబెట్టి, రెండు వేళ్ళతో ఊక పైకి జరిపి, బట్ట కప్పి దిగిపోయాడు.

బస్సు కదిలి చాలా దూరం పోయాక అవ్వ అంది: "వాని తల్లికి కోళ్ళున్నయి."

ఇంకొంచెం దూరం పోయాక, "ఇంటికి వోయి ఎన్ని దినాలాయెనో" అంది.

ఆమె సిరిసిల్ల దగ్గరి ఆ నేత ఇంట్లోనే ఉండిపోయింది. నేను తిరిగి వచ్చాను. ఆ రోజుల్లో పుస్తకం తెరిచిన గుర్తు లేదు. ఇరవై మూడో రోజు మధ్యాహ్నం దవఖాన కిటికీ దగ్గర అవ్వ నిలబడి ఉంది.

"రెండు" అంది.

ఆరు గుడ్లలో ఏమీ లేదట. మూడింట్లో నెత్తురు దారం పట్టి ఆగిపోయిందట. రెండు పగిలి పిల్లలు వచ్చాయి.

"ఫ్రిజ్ వల్లేనా?" అని అడిగాను.

ఆమె ఆలోచించి జవాబు చెప్పింది. "కొన్ని పాతయి ఉండె. పుంజు పొయ్యినంక పెట్టినయి ఉండె. తొవ్వ దూరమాయె. అన్ని కలిసినయి." కొంగుతో మెడ తుడుచుకుంది. "నీది గూడ ఉన్నది. లేదనను."

ఆ మాట నాకు ఓదార్పు కంటే మేలు చేసింది. ఆ మూడు రోజుల్లో కరెంటు ఎన్నోసార్లు పోయి వచ్చింది. ఆ రెండూ బతికింది దాని వల్లేనేమో. నా తెలివి వల్ల మాత్రం కాదు.

ఆ రెండింట్లో ఒకటి వారానికే పోయింది. మిగిలింది పెట్ట. ఐదు వేళ్ళున్నాయి. కానీ నల్ల పుంజు సంతతిలో మగది ఇక లేదు. నేత ఇంట్లో తిరిగే పుంజు ఒకటి ఉంది. మెడ బోడిది, బూడిద రంగుది, తోక సగమే ఉన్నది. పెట్ట ఎదిగాక అవ్వ రెండింటినీ తన ఇంటికి తెచ్చి కలిపింది. నాకు బాధేసింది.

"అంగడిలో ఇంతకంటే మంచి పుంజులు దొరుకుతాయి కదా అవ్వా."

"దొరుకుతయి. మల్ల ఎవనికో కంటవడుతయి. దీన్ని జూడు, నాకే తినబుద్ధి అయితలేదు."

అట్లా మూడేళ్ళు. అందం పోయింది, ఎత్తు తగ్గింది, రంగు పోయింది. పొదుగు పోలేదు. పదమూడు పెడితే పన్నెండు లేపే గుణం పోలేదు. గద్ద నీడ నేల మీద పడగానే రెక్కలు విప్పే తల్లితనం పోలేదు. ఐదో వేలు ఉండిపోయింది. క్యాంపు వాళ్ళు ఆ బోడి మెడ చూసి పక్క వాకిలికి పోయేవాళ్ళు. అడవి దిక్కు వాళ్ళూ అంతే. రెండు మూడు ఊళ్ళ అవతలి నుంచి ఆడవాళ్ళు ఆ గుడ్ల కోసం వచ్చారు. పుంజును అంగడికి తేవడం అవ్వ మానేసింది. తండ్రిని చూపించమని ఎవరైనా అడిగితే, "సూస్తె కొనవు" అనేది. పాత నల్ల పుంజు తోక ఈక ఒకటి చూరులో ఉండేది. దానితో తలుపు బందులకు నూనె పెట్టేది.

నేను అంగడిలో కనిపిస్తే మాత్రం వదిలేది కాదు. కొనేవాళ్ళకు నన్ను చూపించి చెప్పేది:

"గివి మామూలు కోళ్ళు గావు. పుట్టకముందే మూడు దినాలు దవఖానల షరీకున్నయి. గీ సారే షరీకు జేసుకున్నడు."

ఆసుపత్రిలో మనిషిని చేర్చుకున్నట్టు గుడ్లను చేర్చుకున్నానని ఎగతాళి. కొనేవాళ్ళకు అర్థమయ్యేది కాదు. నన్ను గౌరవంగా చూసేవాళ్ళు. నేను తల దించుకునేవాణ్ణి. అవ్వ కళ్ళు మాత్రం నవ్వేవి. ఆ తర్వాత నాకు బదిలీ అయింది. ఒకటి రెండు సార్లు వెళ్ళి చూశాను. తర్వాత వెళ్ళలేదు. వెళ్ళకపోవడానికి కారణం ఏమీ లేదు.

సిరిసిల్ల అరుగు మీద కూర్చుని ఇవన్నీ నేను ఆ బీడీల ఆమెకు చెప్పలేదు. ఆమే చెప్పింది.

"వీటిని దవఖాన కోళ్ళంటరు సారూ. ఎన్కట సర్కారు దవఖానల తయారు జేసిండ్రట. అందుకే రోగం రాదు, మంచిగ పొదుగుతయి. మస్తు గిరాకి."

"దవఖాన వాళ్ళు తయారు చేయలేదమ్మా" అన్నాను.

"మరెవలు జేసిండ్రు?"

"ఆ అవ్వే."

"ఏమో సారూ. ఆమెనే అందరికి దవఖాన కోళ్ళని చెప్తుండె" అంది నమ్మకుండా. "గుడ్లు గావాల్నా? ఉన్నయి. తినేతందుకా, పొదిగేతందుకా?"

జగిత్యాలలో మాది రెండో అంతస్తు. కోడి లేదు, పెట్టే చోటూ లేదు.

"పొదిగేందుకే" అన్నాను.

ఆమె లోపలికి పోయి చిప్పలో ఏడు గుడ్లు తెచ్చింది. ఒక్కొక్కటే వేళ్ళ మధ్య తిప్పి చూసి, రెండు తీసి పక్కన పెట్టింది. "గివి పొడుగున్నయి, పనికిరావు. ఐదు తీసుకపోండ్రి" అని పాత గుడ్డలో ఊక పోసి కట్టింది. ముడి వేస్తూ అంది:

"ఫ్రిజ్‌ల వెట్టకుండ్రి సారూ. గా అవ్వ గుడ్లు ఇచ్చినప్పుడల్ల గదే చెప్తుండె, ఫ్రిజ్‌ల వెట్టకుండ్రి, ఫ్రిజ్‌ల వెట్టకుండ్రి అని. అప్పుడు మా ఊరు మొత్తం మీద ఫ్రిజ్ లేకుండె. ఎందుకు చెప్తున్నదో ఎవలకు సమజ్ గాకపోయేది. అయినా వింటుంటిమి."

నేను మూట తీసుకుని లేచాను. గృహప్రవేశంలో భోజనం చేశానో లేదో సరిగ్గా గుర్తు లేదు. తిరుగు బస్సులో పక్కాయన కాళ్ళు జరిపి, మూట కింద పెట్టుకోమని చోటు చూపించాడు. వద్దన్నాను. గుంతలు వచ్చినచోట మోకాళ్ళు పైకి లేపుతూ, ఆ ఐదింటినీ జగిత్యాల దాకా ఒళ్ళోనే పెట్టుకుని వచ్చాను.